బస్సు దిగిన చోటే ఇల్లు

తెల్లవారుజామున ఐదు కాకముందే ఎల్బీ నగర్ చౌరస్తా మేలుకుంటుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సులు ఇక్కడికి రాగానే నెమ్మదిస్తాయి. కండక్టర్ "ఎల్బీ నగర్, ఎల్బీ నగర్" అని రెండుసార్లు కేకేస్తే సగం బస్సు లేచి నిలబడుతుంది. ముందు బియ్యం బస్తా దిగుతుంది. తర్వాత మూతికి పాత గుడ్డ కట్టిన పచ్చడి జాడీ, దాని వెనకే నిద్రమొహంతో కాలేజీలో చేరబోయే పిల్ల, ఆఖరున ఆమె తండ్రి. ఆయన అటూ ఇటూ చూస్తాడు. మెట్రో స్తంభం పక్కన బండి ఆపుకుని ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు. మేనమామ కావచ్చు, ఊళ్లో పక్కింటివాళ్ల అబ్బాయి కావచ్చు. ఆ ఒక్క మనిషి ఇక్కడ ఉన్నాడు గనకే ఆ పిల్ల మహానగరంలో ఇంకే మూలకూ వెళ్లకుండా ఇటు వచ్చింది.

కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కునేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: "ఏ ఏరియా మంచిది?" అందులో మంచి అన్న మాటకు గాలీ వెలుతురూ అని అర్థం కాదు. ఆడపిల్ల చీకటి పడ్డాక ఇంటికి రాగలదా, అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే తలుపు కొట్టడానికి ఎవరున్నారు, కూడబెట్టిన డబ్బు పోసి కొన్న జాగా రేపు మనదిగా ఉంటుందా అని అర్థం. హైదరాబాదు తూర్పు వైపున, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, ఈ ప్రశ్నకు తరతరాలుగా జనం జవాబు వెతుక్కుంటూనే ఉన్నారు. ఆ వెతుకులాటే ఈ ప్రాంతపు చరిత్ర.

దారి మాత్రం చాలా పాతది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు ఇటుగానే బండ్లు నడిచేవి. ఎల్బీ నగర్ దాటి కొన్ని కిలోమీటర్లు పోతే హయత్‌నగర్ వస్తుంది. హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు అది. అక్కడి మసీదు చుట్టూ నలుచదరంగా గదుల వరుసలు ఉన్నాయి. అది సరాయి. దగ్గరలోనే హాథీ బావ్లీ అని పిలిచే పెద్ద బావి ఉంది. దూరం నుంచి వచ్చిన వర్తకుడికి చుట్టూ గోడ, తాగడానికి నీళ్లు, తనలాంటి నలుగురు బాటసారులు దొరికే చోటు అది. నగరానికి కొత్తగా వచ్చేవాడి భద్రత కోసం ఈ దారి మీద కట్టిన కట్టడాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నది ఈ సరాయి. ఎల్బీ నగర్‌లో ఇల్లున్నవాళ్లు పిల్లల్ని ఒక్కసారైనా తీసుకెళ్లి చూపించాల్సిన చోటు.

ఆ తర్వాత ఈ వైపు విడిది చేసిన ప్రసిద్ధ పరదేశి ఒక ఫ్రెంచివాడు. మిషెల్ జోకిమ్ మారీ రేమాన్ 1755లో ఫ్రాన్సులో పుట్టి, నిజాం అలీ ఖాన్ కొలువులో సేనాపతి అయ్యాడు. అతని దళం విడిది నగరానికి తూర్పున ఉండేది. 1798 మార్చిలో చనిపోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఉంది. ముసల్మానులు అతన్ని మూసా రహీమ్ అన్నారు, హిందువులు మూసారామ్ అన్నారు. ఆ పిలుపే మూసారాంబాగ్‌గా మిగిలి, ఇవాళ మెట్రో స్టేషన్ బోర్డు మీద కూడా ఉంది. ఎక్కడినుంచో వచ్చిన మనిషిని ఊరు తనవాడిగా చేసుకుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే అతను పోయిన ఏడాదే, అక్టోబరులో, ఇంగ్లీషువాళ్లు అతని దళాన్ని నిరాయుధం చేశారు. ఆదరించిన ఊళ్లో కూడా పరదేశి నిలకడ రాజకీయం చేతిలోనే ఉంటుంది. ఆ మాట ఈ కథలో మళ్లీ వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ అప్పటికి ఇంకా లేదు. ఇప్పుడు బట్టల షాపులూ, మిర్చి బండ్లూ, పుస్తకాల దుకాణాలూ ఉన్న నేలంతా సాగు భూమి. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆసామి పొలాలు అవి. వాటిని ప్లాట్లు చేసి అమ్మారు, ఆయన పేరే ఊరి పేరైంది. పక్కనే సరూర్‌నగర్ చెరువు. 17వ శతాబ్దంలో, 1626 ప్రాంతంలో, సాగునీటి కోసం తవ్వించిన చెరువని చెబుతారు. చెరువంటే ఒక గట్టు, తూము, నిండితే నీళ్లు పొర్లే మత్తడి, దాని కింద ఆయకట్టు. ఆయకట్టు పొలాలే తర్వాత కాలనీలయ్యాయి. ఈ సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

నగరం ఇటు పెరగడానికి మొదటి పెద్ద కారణాలు నల్లగొండ జిల్లాలో ఉన్నాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం, రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరు పోలీసు చర్య, ఆ పైన నిర్బంధం. దొరలు గడీలు వదిలి పట్నం చేరారు. మామూలు జనం కూడా పల్లెలో నిద్రపట్టక కదిలారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కరువు, ఫ్లోరైడు నీళ్లు కదిలించాయి. ఎముకలు వంకర్లు పోయే ఆ నీళ్లకు దూరంగా పిల్లల్ని పెంచాలనుకున్న తల్లిదండ్రులకు పట్నం కుళాయి నీళ్లే పెద్ద భద్రత. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఉద్యోగులు కుటుంబాలతో వచ్చారు. వాళ్లకు ఊరు కొత్త, భాషలో యాస కొత్త, వీధిలో వినపడే ఉర్దూ కొత్త. కృష్ణా, గుంటూరు వైపు వాళ్లకు విజయవాడ రోడ్డు పుట్టింటి గుమ్మం లాంటిది. ఆ రోడ్డు నగరంలోకి అడుగుపెట్టే చోటే వాళ్లలో చాలామంది ఆగారు.

ఆగడం వెనక లెక్క ఉంది. నల్లగొండ ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. పండక్కీ, చావుకీ, నాట్లకీ, కోతకీ రెండు మూడు గంటల్లో ఊళ్లో ఉండొచ్చు. నగరం పడమటి కొసన ఇల్లు తీసుకుంటే ఊరి బస్సు ఎక్కడానికే ఒక పూట పోతుంది. ఏదైనా జరిగితే వెళ్లిపోగలిగే దారి దగ్గరగా ఉండడం కూడా భద్రతే. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం రగిలిన రోజుల్లో ఈ లెక్క ఎంత విలువైందో ఇరువైపుల వాళ్లకూ తెలిసొచ్చింది.

కాలనీల పేర్లు చదివితే ఎవరు ఎవరిని నమ్ముకుని వచ్చారో తెలుస్తుంది. పీ అండ్ టీ కాలనీ, టెలిఫోన్ కాలనీ, ఎన్జీవోస్ కాలనీ, ఎఫ్‌సీఐ కాలనీ, ఆర్టీసీ కాలనీ. ఒకే ఆఫీసు వాళ్లు సొసైటీగా ఏర్పడి రైతుల దగ్గర ఎకరాలు కొని, లేఅవుట్ గీయించి, లాటరీ తీసి ప్లాట్లు పంచుకునే పద్ధతి అది. జీతంలో వాయిదాలు కట్టి, లోను తీసుకుని, ముందు రెండు గదులు వేసుకునేవాళ్లు. చుట్టూ తుమ్మచెట్లు, రాళ్లు, రాత్రయితే నక్కల కూతలు. అయినా భర్త క్యాంపుకి వెళితే భార్యాపిల్లలు భయపడేవాళ్లు కాదు. పక్కిల్లు ఆయన సెక్షన్‌లో పనిచేసే గుమాస్తాది, ఎదురిల్లు సూపరింటెండెంటుది. ఆఫీసు వరండా తెచ్చి వీధిలో పరిచినట్టు ఉండేది.

వనస్థలిపురం ఈ తరహా ఊళ్లకు మంచి ఉదాహరణ. ఒకప్పుడు నిజాముల వేట అడవి అది. 1975లో అక్కడ జింకల వనం ఏర్పడింది. మహావీరుడి నిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. ఆ జిల్లా కోర్టులు ఎల్బీ నగర్‌కు వచ్చాక వకీళ్లు, గుమాస్తాలు, దస్తావేజు లేఖరులు కూడా ఈ దారి పట్టారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వెలిసిన ఎల్బీ నగర్ 1987లో మునిసిపాలిటీ అయింది, 2007 ఏప్రిల్ 16న గడ్డిఅన్నారంతో పాటు గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. ఇరవై ఏళ్లలో పంచాయతీ నుంచి మహానగరం దాకా పెరిగిన ఊరు అది. సాగర్ రోడ్డు మీద ఉన్న బీఎన్ రెడ్డి నగర్ పేరు సాయుధ పోరాట యోధుడు భీమిరెడ్డి నరసింహారెడ్డిది. నల్లగొండ వాళ్లు తమ నాయకుడి పేరు కూడా వెంట తెచ్చుకున్నారు.

పాతబస్తీ నుంచి కూడా జనం ఇటు వచ్చారు. 1980లలో మాటిమాటికీ కర్ఫ్యూలు, 1990 డిసెంబరులో వందకు పైగా ప్రాణాలు తీసిన అల్లర్లు. ఆ భయంతో తరాలుగా కలిసి ఉన్న గల్లీలను వదిలి హిందూ కుటుంబాలు సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ వైపు కదిలాయి. మిశ్రమ వాడల్లో ఉన్న ముస్లిం కుటుంబాలు తమవాళ్లు ఎక్కువగా ఉన్న చోటుకు జరిగాయి. ఎవరికి వారు భద్రమనుకున్న చోటికే వెళ్లారు. కానీ ఆ కదలికలో నగరం పోగొట్టుకున్నది చాలా ఉంది. పక్కింటి పండుగ ఏ రోజో క్యాలెండర్ చూడకుండా తెలిసిన తరం అక్కడితో ఆగిపోయింది.

1986లో జాంబాగ్ నుంచి పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారం వచ్చింది. 22 ఎకరాలు. నల్లగొండ బత్తాయి, కృష్ణా జిల్లా మామిడి లారీల మీద వచ్చి కొత్తపేట గాలికి వాసన పట్టించేవి. పండ్లు అమ్ముకోవడానికి వచ్చిన రైతు ఇక్కడి కాలనీలను కళ్లారా చూశాడు. పిల్లల్ని చదివించాలంటే, రెండు వందల గజాల ముక్క కొనాలంటే అతనికి ఈ ప్రాంతమే గుర్తొచ్చేది. ఆ మార్కెట్టు 2021లో బాటసింగారం తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రి నిర్మాణం మొదలైంది.

కొనడం అనగానే ఇంకో భయం. జాగా కాగితాలు. పంచాయతీ లేఅవుట్లు, సర్వే నంబర్ల తగాదాలు, ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన మోసాలు. ఎల్బీ నగర్ నియోజకవర్గంలో కొన్ని కాలనీల వాళ్లు ఇల్లు కట్టుకుని పన్నులు కడుతూ కూడా ఏళ్లపాటు ఆ ఇంటిని రిజిస్ట్రేషన్ చేయించుకోలేకపోయారు. ఆ భూములు నిషేధిత జాబితాలో ఉండిపోయాయి. కూతురి పెళ్లికి ఇల్లు అమ్ముదామంటే కుదరదు, బ్యాంకు లోను రాదు. 2022లో జీవో 118 వచ్చాక గాని క్రమబద్ధీకరణకు దారి తెరుచుకోలేదు. దొంగల నుంచి తాళం కాపాడుతుంది. లింకు డాక్యుమెంటు లేని ఇంటిని ఏ తాళమూ కాపాడదు. అందుకే ఇక్కడి పెద్దవాళ్లు ఇల్లు చూడ్డానికి వెళితే గోడల కంటే ముందు ఫైలు అడుగుతారు.

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో నడిస్తే గేటు గేటుకీ బోర్డు. నల్లగొండ యజమాని ఇల్లు "కిరాయికి" ఇస్తాడు, గుంటూరు యజమాని "అద్దెకు" ఇస్తాడు. రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఆ మాటల కింద చిన్నక్షరాల్లో ఉండేది చదవాలి: ఫ్యామిలీస్ ఓన్లీ. శాకాహారులకు మాత్రమే. బ్యాచిలర్లకు ఇవ్వబడదు. బోర్డు మీద రాయనిది గేటు దగ్గర అడుగుతారు: "మీరేవాళ్లు?" ముస్లిం పేరు వినగానే "ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చారండీ" అంటారు. దళిత కుటుంబానికి మూడో ప్రశ్న దగ్గరే విషయం అర్థమవుతుంది. తన వీధి భద్రంగా ఉండాలని కోరుకునే మనిషి, ఇంకొకరికి తలదాచుకునే చోటు లేకుండా చేస్తున్నానని ఒక్క క్షణం అనుకోడు. "మనవాళ్లు" అన్న మాట ఎంత ధైర్యం ఇస్తుందో అంత అన్యాయం కూడా చేస్తుంది. ఈ ప్రాంతం గురించి రాసేవాళ్లు మొదటి సగం మాత్రమే చెప్పి ఊరుకోకూడదు.

1990ల తర్వాత బోర్డుల రకం మారింది. సాఫ్ట్‌వేర్ కోర్సులు, ఎంసెట్, డీఎస్సీ, బ్యాంకు, పోలీసు ఉద్యోగాల కోచింగ్ సెంటర్లు వరసగా వచ్చాయి. వాటి వెంటే హాస్టళ్లు. మూడంతస్తుల ఇల్లు కాస్తా గదికి నాలుగు మంచాల చొప్పున వసతి గృహమైంది. ఊళ్లో అమ్మమ్మ కనుసన్నల్లో పెరిగిన పిల్లకు ఇక్కడ వార్డెన్ అమ్మమ్మ. గేటు ఎన్నింటికి వేస్తారు, ఆదివారం బయటికి పంపాలంటే ఎవరి ఫోన్ రావాలి, మెస్సులో నీళ్లు ఎక్కడివి అని తండ్రులు ఆరా తీసేవాళ్లు. ఇప్పటికీ ఆ పిల్లలతోనే ఈ వీధులకు కళ. సాయంత్రం పూట నోట్సు చంకన పెట్టుకుని టిఫిన్ బండి చుట్టూ నిలబడే ఆ గుంపుల్లో ఉమ్మడి పది జిల్లాల యాసలూ వినిపిస్తాయి.

2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం, ఏడు గంటల వేళ, అలాంటి గుంపుల మధ్యనే రెండు బాంబులు పేలాయి. ఒకటి 107 నంబరు బస్టాపు దగ్గర, ఇంకొకటి కొద్ది దూరంలో మిర్చి సెంటర్ దగ్గర. సైకిళ్ల మీద పెట్టారు. 18 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, పనినుంచి ఇంటికి పోతున్నవాళ్లు. ఆ రాత్రి ఊళ్ల నుంచి వచ్చిన ఫోన్లకు లైన్లు దొరకలేదు. హాస్టళ్ల ముందు తల్లిదండ్రులు తెల్లారేసరికి వాలిపోయారు. అంతకు ముందు 2002 నవంబరులో సాయిబాబా గుడి దగ్గర పేలిన బాంబు ఇద్దరిని బలి తీసుకుంది. 2007 ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. మూడుసార్లు గురి పెట్టించుకున్న వీధి ఇది. 2013 పేలుళ్ల కేసులో 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు అయిదుగురికి మరణశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని సమర్థించింది.

2013 పేలుళ్ల తర్వాత కొందరు తండ్రులు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. చాలామంది వారం తిరక్కుండా మళ్లీ దించి వెళ్లారు. అది తెగింపు అనుకోనక్కర్లేదు. మేనమామ ఇక్కడే ఉన్నాడు, ఫీజు కట్టేశారు, పరీక్ష తేదీ మారదు. 2013లోనే వచ్చిన ప్రజా భద్రతా చట్టంతో జనం చేరే దుకాణాలూ హాళ్లూ సీసీ కెమెరాలు పెట్టాల్సి వచ్చింది. 2014 అక్టోబరులో ఆడవాళ్ల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. హాస్టల్ చూడ్డానికి వచ్చిన తండ్రి అడిగే ప్రశ్నల్లో కెమెరా కూడా చేరింది.

ఎల్బీ నగర్ చౌరస్తా మరో గాయం కూడా మోస్తోంది. 2009 నవంబరు 29న తెలంగాణ కోసం శ్రీకాంతాచారి ఆత్మాహుతికి పాల్పడింది ఇక్కడే. డిసెంబరు 3న కన్నుమూశాడు. ఆ రోజుల్లో ఈ కాలనీల్లో గోదావరి యాస మాట్లాడే ఇంటికీ, నల్లగొండ యాస మాట్లాడే ఇంటికీ మధ్య మాటలు తగ్గిన మాట నిజమే. అయినా ఒకరికొకరు గిన్నె కూర పంపుకోవడం ఆగలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడ్డాక ఎవరి ఇళ్లలో వాళ్లే ఉన్నారు. దశాబ్దాల ఇరుగుపొరుగు చేసిన మేలు అది.

ఈలోగా ఉద్యోగాలు పడమటికి పోయాయి. హైటెక్ సిటీలో పని, ఎల్బీ నగర్‌లో ఇల్లు అంటే రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో మొదలయ్యాక గాని ఊపిరి ఆడలేదు. అప్పటికే ఈ కాలనీల పిల్లలు హైటెక్ సిటీని కూడా దాటి వెళ్లిపోయారు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ తెరిచాక వీసా కోసం మద్రాసు పోవాల్సిన అవసరం కూడా తీరింది. దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ సెంటర్లలో మార్కుల జాబితాల పక్కన బ్యాంకు స్టేట్‌మెంట్లు చేరాయి.

ఇక్కడి నుంచి వెళ్లిన పిల్ల డాలస్ విమానాశ్రయంలో దిగినప్పుడు కూడా స్తంభం పక్కన ఒకరు నిలబడి ఉంటారు. సీనియర్ కావచ్చు, కాలనీ స్నేహితురాలి అక్క కావచ్చు. ప్రశ్న అదే: మనవాళ్లు ఎక్కడున్నారు? న్యూజెర్సీలో ఎడిసన్, టెక్సాస్‌లో ఇర్వింగ్, ఫ్రిస్కో. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి మొక్కుకుని బయల్దేరిన వాళ్లకు అది పెద్ద ఊరట. అమెరికాలో ఈ ప్రశ్న ఇళ్ల ఏజెంటును నేరుగా అడిగితే మాత్రం జవాబు రాదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. ఫలానా జాతివాళ్లు ఎక్కువగా ఉన్న వీధి అంటూ కొనుగోలుదారుణ్ణి అటో ఇటో మళ్లించడం కూడా తప్పే. నల్లవాళ్లకు దశాబ్దాల తరబడి మంచి వాడల్లో ఇల్లు దొరకనివ్వని దేశంలో కొట్లాడి తెచ్చుకున్న చట్టం అది. దిల్‌సుఖ్‌నగర్ గేటు దగ్గర "మీరేవాళ్లు" అని అడిగిన ఇంటి పిల్లలు అక్కడ ఆ చట్టం నీడలో ఇల్లు కొనుక్కుంటున్నారు. ఆ నీడ విలువ వాళ్లు ఇక్కడి అమ్మానాన్నలకు చెప్పాలి.

అలాగని మనవాళ్లున్న చోటంతా కోట కాదు. 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో డాట్‌బస్టర్స్ అనే ముఠా, బొట్టు పెట్టుకున్న వాళ్లను తరిమేస్తామని పత్రికకు ఉత్తరం రాసి మరీ దాడులు చేసింది. 2009లో మెల్‌బోర్న్ పడమటి శివార్లలో భారతీయ విద్యార్థుల మీద వరుస దాడులు జరిగాయి. చవక అద్దె, రాత్రి షిఫ్టు, ఆఖరి రైలు, స్టేషన్ నుంచి ఒంటరి నడక, ఈ నాలుగూ కలిసిన చోట పిల్లలు దెబ్బతిన్నారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతెలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపారు. ఒలేతె ప్రశాంతమైన శివారు ఊరు. అతను పని ముగించుకుని, స్నేహితుడితో కలిసి ఎప్పుడూ వెళ్లే చోటికే వెళ్లాడు.

మనుషుల గురించి ఇంత ఆరా తీసే మనం నేల గురించి మాత్రం అడగలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి ఆ సంగతి బయటపడింది. నగరం తూర్పు అంచున కొన్నిచోట్ల ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి వాన పడింది. మీర్‌పేట వైపు గొలుసు చెరువులు నిండితే ఆ నీళ్లు సరూర్‌నగర్ చెరువుకు వస్తాయి. అది నిండితే మత్తడి దూకి మూసీ వైపు పోవాలి. పోయే దారిలో ఇప్పుడు కోదండరామ్ నగర్ ఉంది, దాని చుట్టుపక్కల బస్తీలున్నాయి. నీళ్లకు కాలనీ పేర్లు తెలియవు, తమ పాత దారి తెలుసు. పడకగదుల్లో నడుములోతు నీళ్లు. బియ్యం డబ్బాలు తేలాయి, సర్టిఫికెట్లు నానాయి, ముసలివాళ్లను పడవల్లో తీసుకొచ్చారు. ఇరుగుపొరుగు మంచివాళ్లే, డాక్యుమెంట్లు సరైనవే, గల్లీ చివర కెమెరా కూడా ఉంది. ఇల్లు మాత్రం నీళ్ల దారిలో ఉంది.

చెరువు లోపలి భూమిని తెలంగాణలో శిఖం అంటారు. వాన తక్కువైన ఏళ్లలో అది మామూలు మైదానంలాగే కనిపిస్తుంది. అమ్మేవాడు చెప్పడు, కొనేవాడికి ఆ మాటే తెలియదు. టెక్సాస్‌లోనూ ఇదే జరిగింది. హ్యూస్టన్ పడమటన 1940లలో సైన్యపు ఇంజనీర్లు బార్కర్ రిజర్వాయరు కట్టారు. వరదొస్తే నీళ్లు నిలవాల్సిన నేల మీద కొంత భాగంలో తర్వాత అందమైన శివారు ఇళ్లు లేచాయి. మంచి బళ్లు, తక్కువ నేరాలు, పచ్చిక వాకిళ్లు. మనవాళ్లూ ఆ వైపు చేరారు. 2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చినప్పుడు ఆ ఇళ్లు రోజుల తరబడి మునిగాయి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని లేఅవుట్ పత్రాల మీద ఇక్కడ నీళ్లు నిలవొచ్చనే హెచ్చరిక చిన్నక్షరాల్లో ఉంది. ఎందరు చదివి ఉంటారు? 2019 డిసెంబరులో ఫెడరల్ కోర్టు ఆ ముంపుకు ప్రభుత్వానిదే బాధ్యతని తీర్పు ఇచ్చింది.

2024లో హైదరాబాదులో చెరువుల ఆక్రమణలను తొలగించడానికి హైడ్రా అనే సంస్థ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో మూసీ ఒడ్డున చైతన్యపురి, కొత్తపేట ఇళ్ల గోడల మీద, నదీగర్భంలో ఉన్నాయంటూ, ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని గుర్తులు వేశారు. పాతికేళ్లు కష్టపడి కట్టుకున్న ఇంటి గోడ మీద ఆ అక్షరాలు చూసి ఆడవాళ్లు వీధిలో కూర్చుని ఏడ్చారు. రిజిస్ట్రేషన్ చేసింది ప్రభుత్వం, అనుమతిచ్చింది ప్రభుత్వం, కరెంటు మీటరు ఇచ్చింది ప్రభుత్వం. శిక్ష మాత్రం కొన్నవాడికి పడుతోందన్న వాళ్ల ఆక్రోశంలో న్యాయం ఉంది.

ఇప్పుడు అదే విజయవాడ రోడ్డు మీద నగరం ఇంకా ముందుకు జరిగింది. పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఆదివారం కార్లు బారులు తీరుతాయి. వెంచర్ల కమాన్లు, రంగుల జెండాలు, ఎల్బీ నగర్ నుంచి ఇన్ని నిమిషాలే అన్న బోర్డులు. ప్లాటు చూడ్డానికి వచ్చే కుటుంబాల్లో చాలామంది ఊరినుంచి ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. ఏజెంటు గొడుగు కింద మ్యాపు పరిచి క్లబ్ హౌస్, పార్కు చూపిస్తుంటాడు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోను తెరలోంచి అన్నీ వింటుంటాడు. పెద్దాయన మాత్రం ఆ గుంపులో ఉండడు. వెనక వైపు వెళ్లి, చెప్పులు విడిచి, పల్లం ఎటుందో పాదాలతో చూసుకుంటూ నడుస్తాడు. అంచున పెరిగిన తుంగ దగ్గర ఆగి, అక్కడ గొర్లు కాస్తున్న మనిషిని పిలుస్తాడు.

"బిడ్డా, ఇటు పక్క చెరువున్నదా? నిండితె మత్తడి ఎటు దుంకుతది?"